సాయంత్రం చల్లగా, మధ్యాహ్నం వేడిగా: ఒక కారు ఏసీ కేస్ స్టడీ

విజయవాడలో నేను కార్ల ఏసీ పని మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. వేసవిలో మా షెడ్డుకు వచ్చే కార్లలో ఎక్కువ భాగం ఒకే ఫిర్యాదుతో వస్తాయి: ఏసీ వేస్తే వేడి గాలి వస్తోంది. దాని వెనక కారణాలు మాత్రం పది రకాలుగా ఉంటాయి. 2025 వేసవిలో వచ్చిన ఒక కారు సంగతి ఇక్కడ వివరంగా నమోదు చేస్తున్నాను. అందులో నేను మొదట పట్టుకున్న లోపం నిజమైనదే, దాన్ని సరిచేయడమూ అవసరమే, అయినా నాలుగు రోజులు తిరగకుండానే కారు మళ్లీ నా దగ్గరకు వచ్చింది. నేను ఎక్కడ ఆగిపోయానో, ఎందుకు ఆగిపోయానో ఈ పని నేర్చుకుంటున్న కుర్రవాళ్లకు ఉపయోగపడుతుందని నమ్ముతున్నాను. యజమానిని గానీ, కారు మోడల్‌ను గానీ, అంతకుముందు చూసిన షాపులను గానీ గుర్తుపట్టే వివరాలేవీ ఇందులో ఇవ్వలేదు. రీడింగ్‌లు మాత్రం ఆ రోజుల్లో నా నోటు పుస్తకంలో రాసుకున్నవే.

నేపథ్యం

అది ఆరేళ్ల వయసున్న చిన్న పెట్రోల్ సెడాన్. గ్యాస్‌ను నొక్కి తిప్పే పంపు అయిన ఏసీ కంప్రెసర్‌ను ఇంజిన్ బెల్టే తిప్పుతుంది, దాని క్లచ్ పడినప్పుడు పనిచేస్తుంది, లేచినప్పుడు ఆగుతుంది. ముందు భాగంలో గ్యాస్ వేడిని బయటకు వదిలే కండెన్సర్, దాని వెనక రేడియేటర్, ఆ రెండింటికీ కలిపి రెండు వేగాలతో తిరిగే ఒకే ఫ్యాన్ ఉంటాయి. వ్యవస్థలో వాడేది ఆర్-134ఏ గ్యాస్, బానెట్ లోపలి స్టిక్కర్ ప్రకారం 450 గ్రాములు. యజమాని ఉద్యోగరీత్యా పగలంతా ఊళ్లో తిరుగుతూ ఉంటారు, షాపుకు రావడానికి ఆయనకు సాయంత్రం ఆరు దాటితే తప్ప తీరదు. ఈ చివరి వివరం అప్పట్లో నాకు పట్టించుకోవలసిన విషయంగా అనిపించలేదు.

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పుడు ఈ కారు కూడా రెండు రోజులకు పైగా హెడ్‌లైట్ల ఎత్తు దాకా నీళ్లలో నిలబడింది. తరువాత ఒక వర్క్‌షాపులో సీట్లు, కార్పెట్లు, బంపర్ ఊడదీసి, అన్ని ఆయిళ్లూ మార్చి, శుభ్రం చేసి ఇచ్చారు. చలికాలమంతా ఏ ఇబ్బందీ రాలేదు. ఈ వరద సంగతి మొదటి రోజు ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

మార్చిలో ఎండలు ముదిరేసరికి కూలింగ్ తగ్గిందని ఆయన ఒక షాపుకు వెళ్తే గ్యాస్ కొట్టి పంపారు. ఏప్రిల్‌లో మరో షాపులో మళ్లీ గ్యాస్ కొట్టారు. ఒక్కో షాపు నుంచి బయటకు వచ్చిన సాయంత్రం చల్లగానే ఉండేది, రెండు మూడు రోజులకు మళ్లీ మామూలే. మూడో షాపువాళ్లు పీడనం చూపే గేజ్‌లు పెట్టి చూసి కంప్రెసర్ పోయిందని, మార్చాలని చెప్పారు. ఆ ఖర్చు విని, ఇంకొకరి మాట కూడా విందామని ఆయన నా దగ్గరకు వచ్చారు.

మొదటి సాయంత్రం

కారు వచ్చేసరికి ఏడు గంటలైంది. బయట 34 డిగ్రీలు. ఇంజిన్ వేడి తగ్గేదాకా గంటసేపు బానెట్ తెరిచి ఉంచి, ఆ తరువాతే గేజ్‌లు పెట్టాను. దీనికి ఒక కారణం ఉంది. ఇంజిన్ ఆగి, వ్యవస్థ అంతా బయటి వేడికి సమానమైనప్పుడు, లోపల స్వచ్ఛమైన ఆర్-134ఏ ద్రవం ఏ కొంచెం ఉన్నా దాని పీడనం ఆ ఉష్ణోగ్రత దగ్గర ఎంత ఉండాలో అంతే ఉంటుంది. 34 డిగ్రీల దగ్గర అది సుమారు 111 పీఎస్ఐ (గేజ్ మీద పీడనం కొలత). అంతకంటే బాగా ఎక్కువ చూపితే లోపల గాలి గానీ వేరే గ్యాస్ గానీ కలిసిందని అనుమానించాలి. నా గేజ్‌లు రెండూ 112 చూపాయి. కనుక కల్తీ లేదు, గాలి చేరలేదు. ఈ పరీక్ష లోపల ఉన్న గ్యాస్ శుద్ధమైనదా కాదా అని చెబుతుంది కానీ, ఎంత ఉందో చెప్పదు. వంద గ్రాములున్నా, ఆరు వందల గ్రాములున్నా ముల్లు అక్కడే నిలుస్తుంది. ముల్లు మంచి అంకె మీద నిలిస్తే గ్యాస్ సరిపోయిందని భావించేవారు నేటికీ ఉన్నారు కాబట్టి ఈ మాట నొక్కి చెప్పవలసి వస్తోంది.

ఇంజిన్ ఆన్ చేసి, వేగం నిమిషానికి 1,500 చుట్ల దగ్గర నిలిపి, ఏసీ వేసి చూస్తే లో సైడ్ (కంప్రెసర్‌లోకి గ్యాస్ వచ్చే వైపు) 48, హై సైడ్ (కంప్రెసర్ నొక్కి పంపే వైపు) 260 పీఎస్ఐ వచ్చింది. డ్యాష్‌బోర్డు మధ్య వెంట్‌లో గాలి 14 డిగ్రీలు. ఆ సాయంత్రపు వాతావరణానికి రెండు పీడనాలూ ఎక్కువే. ఇక్కడే కంప్రెసర్ గురించి ఒక నిర్ణయానికి వచ్చాను. కంప్రెసర్ లోపల అరిగిపోతే అది గ్యాస్‌ను గట్టిగా నొక్కలేదు, కాబట్టి లో సైడ్ పెరిగి హై సైడ్ పడిపోతుంది, రెండు ముళ్లూ ఒకదానికొకటి దగ్గరవుతాయి. ఇక్కడ హై సైడ్ 260 దాకా వెళ్తోందంటే కంప్రెసర్ తన పని తాను బలంగానే చేస్తోంది. లో సైడ్ ఎక్కువగా ఉందన్న ఒక్క అంకె చూసి దాన్ని మార్చమని చెప్పడం తొందరపాటు. ఈ విషయం యజమానికి అప్పుడే చెప్పాను. హీటర్ నీళ్ల వేడి కలుస్తోందేమోనని హీటర్ గొట్టాలు, వేడి గాలిని ఆపే డ్యాష్‌బోర్డు లోపలి చిన్న తలుపు కదలిక కూడా చూశాను. అక్కడ లోపం లేదు.

హై సైడ్ పెరగడానికి సాధారణంగా ఉండే కారణాల్లో గాలి కలవలేదని అప్పటికే తేలింది. గ్యాస్ ఎక్కువ కావడం, కండెన్సర్‌కు గాలి తగలకపోవడం మిగిలాయి. రెండుసార్లు గ్యాస్ కొట్టిన చరిత్ర ఉంది కనుక మొదటిదాన్నే ముందు తేల్చుకోవాలనుకున్నాను. రికవరీ మెషిన్‌తో గ్యాస్ మొత్తం వెనక్కి తీసి తూకం చూస్తే 620 గ్రాములు వచ్చింది. ఉండవలసిన దానికంటే 170 గ్రాములు అదనం. అంతకుముందు పోసినవాళ్లు తూకం వేయకుండా, గేజ్ చూసుకుంటూ పోశారన్నమాట. అదనపు గ్యాస్ ఎక్కడికీ పోదు, కండెన్సర్ కింది వరసల్లో ద్రవంగా నిలిచిపోతుంది. ఆ మేరకు వేడి వదలడానికి ఉండే చోటు తగ్గి హై సైడ్ పెరుగుతుంది. ఇంత గ్యాస్ లోపల ఉందంటే ఈ కారులో చెప్పుకోదగ్గ లీకేజీ లేదని కూడా అర్థమైంది. బహుశా మార్చిలోనూ గ్యాస్ తగ్గి ఉండదు. ఏటా గ్యాస్ అయిపోతుందని, పోయించుకోవడం సర్వీసులో భాగమని మనవాళ్లలో ఒక నమ్మకం పాతుకుపోయింది. కారు ఏసీలో గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. అదే గ్యాస్ ఆవిరిగా, ద్రవంగా మారుతూ తిరుగుతూనే ఉంటుంది. బాగా తగ్గిందంటే ఎక్కడో ఒకచోట కారుతున్నట్లే.

నలభై నిమిషాలు వాక్యూమ్ పంపుతో లోపలి గాలి లాగేసి, ఇరవై నిమిషాలు పంపు ఆపి చూసి, ముల్లు కదలలేదని నిర్ధారించుకున్నాక 450 గ్రాములు తూకం వేసి ఎక్కించాను. ఫలితం స్పష్టంగా కనిపించింది: లో సైడ్ 34, హై సైడ్ 205, వెంట్‌లో 8 డిగ్రీలు. సహాయకుడిని ఫ్యాన్ చూడమంటే "తిరుగుతోందండీ" అన్నాడు, నేనూ ఒకసారి తొంగి చూశాను, తిరుగుతోంది. రాత్రి తొమ్మిదిన్నరకు కారు ఇచ్చేశాను. అంకెలు అంత బాగా మారిన తరువాత ఇంకో కారణం వెతకాలన్న ఆలోచన నాకు రాలేదు.

నాలుగో రోజు

నాలుగో రోజు ఆయన ఫోన్ చేసి చెప్పిన మాటలు దాదాపు యథాతథంగా రాసిపెట్టుకున్నాను. "పొద్దున బాగానే ఉందండీ. మొన్న గుంటూరు వెళ్లొచ్చాను, దారంతా చల్లగానే ఉంది. మధ్యాహ్నం బెంజి సర్కిల్ దగ్గర పది నిమిషాలు ఆగానో లేదో వేడి గాలి మొదలవుతోంది. మళ్లీ బండి కదిలితే తగ్గుతోంది." మొదటి రోజు నేను అడిగి ఉండవలసిన ప్రశ్నలకు ఆయన అడగకుండానే సమాధానం చెప్పారు. పరుగులో చల్లగా ఉండి, నిలిస్తే వేడెక్కే ఏసీలో అనుమానించవలసింది కండెన్సర్ మీదుగా వెళ్లే గాలినే. పరుగులో ఎదురుగాలి ఆ పని చేస్తుంది, ఆగినప్పుడు ఫ్యాన్ ఒక్కటే దిక్కు.

ఒక పూట సెలవు పెట్టుకుని మధ్యాహ్నం రెండింటికి రమ్మన్నాను. ఆ రోజు మా షెడ్డు ముందు నీడలో 41 డిగ్రీలు. ఈసారి కారును ఎండలోనే నిలిపాను. గేజ్ పైపులు పక్కనుంచి బయటకు తీసి, బానెట్‌ను మొదటి కొక్కెం మీదకు దించి దాదాపుగా మూశాను. తలుపులు మూసి, బ్లోయర్ పూర్తి వేగంలో పెట్టి, ఇంజిన్‌ను ఐడిలింగ్‌లోనే వదిలాను. ట్రాఫిక్‌లో ఆ కారు ఎలా ఉంటుందో షెడ్డు దగ్గర కూడా అలాగే ఉండాలన్నది నా ఉద్దేశం. బానెట్ తెరిచి పరీక్షిస్తే ఇంజిన్ వేడి పైకి పోతుంది, కండెన్సర్‌కు లేని సుఖం కలుగుతుంది. మొదటి సాయంత్రం నేను చేసిన పొరపాటు అదే.

మొదటి రెండు నిమిషాల్లో హై సైడ్ 240, వెంట్‌లో 10 డిగ్రీలు. ఎనిమిదో నిమిషానికి 310. పదిహేనో నిమిషానికి 385, వెంట్‌లో 19. ఇరవై ఒకటో నిమిషంలో ముల్లు 450 దగ్గరకు వెళ్లగానే క్లచ్ టక్కున లేచింది, వెంట్‌లో గాలి 29 డిగ్రీలకు ఎగబాకింది. ఇలాంటి కార్లలో పీడనం 450 చుట్టుపక్కలకు వెళ్తే పైపులు పగలకుండా ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను ఆపేస్తుంది. ఇంజిన్ నీళ్లు మరీ వేడెక్కినా ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) అదే పని చేస్తుంది కాబట్టి, ఈ రెండింటిలో ఏది ఆపిందో తెలుసుకోవడానికి దాని అంకెలు చూపే స్కానర్ కూడా తగిలించి ఉంచాను. డ్యాష్‌బోర్డులో ఇంజిన్ వేడి మీటర్ ముల్లు మధ్యలోనే ఉన్నా స్కానర్‌లో 103 డిగ్రీలు చూపుతోంది. మామూలు కంటే ఎక్కువే, కానీ ఏసీని ఆపేంత కాదు. ఆపింది పీడనమే. ఇంజిన్ నీళ్లు కూడా వేడెక్కుతున్నాయన్నది మరో ఆధారం, ఎందుకంటే రేడియేటర్‌కూ కండెన్సర్‌కూ గాలి ఇచ్చే ఫ్యాన్ ఒక్కటే.

అప్పుడు ఒక పాత పరీక్ష చేశాను. గ్రిల్ సందుల్లోంచి కండెన్సర్ మీద సన్నని ధారగా నీళ్లు చల్లించాను. నిమిషంలో హై సైడ్ 430 నుంచి 240కి దిగింది, మరో రెండు నిమిషాల్లో వెంట్‌లో గాలి 28 నుంచి 15కు వచ్చింది. ఈ ఒక్క పరీక్షతో కంప్రెసర్, కారు లోపలి వైపుకు గ్యాస్‌ను కొద్దికొద్దిగా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్, గ్యాస్ పరిమాణం మూడూ అనుమానితుల జాబితాలోంచి బయటకు వెళ్లాయి. కండెన్సర్‌లోంచి వేడి తీసేస్తే మిగతా వ్యవస్థ అంతా సరిగ్గా పనిచేస్తోంది, ఇక ఆ వేడి ఎందుకు బయటకు పోవడం లేదన్నదే తేలాలి.

వరద సంగతి ఆయన ఈ సమయంలోనే చెప్పారు. వినగానే నా మనసులో ఒకే బొమ్మ కదిలింది: కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య పేరుకుపోయిన బుడమేరు బురద. బయటి నుంచి చూస్తే కండెన్సర్ రెక్కలు శుభ్రంగానే ఉన్నాయి, కానీ రెండింటి మధ్య రెండు వేళ్ల సందులో ఏముందో బంపర్ ఊడదీస్తే తప్ప కనిపించదు. బంపర్ విప్పించి, రేడియేటర్ పైబిగింపులు వదులు చేసి, వెనక నుంచి ముందుకు తక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టించాను. ఎక్కువ ఒత్తిడితో కొడితే రెక్కలు వంగిపోయి ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. దోసెడు బూడిదరంగు ఒండ్రు వచ్చింది. దొరికిందని సంతోషించాను.

మళ్లీ అదే పరీక్ష. ఇరవయ్యో నిమిషానికి 395, ముప్ఫయ్యో నిమిషానికి క్లచ్ మళ్లీ లేచింది. మెరుగైన మాట నిజమే, కానీ తొమ్మిది నిమిషాలు ఆలస్యంగా ఆగే ఏసీని బాగైన ఏసీ అనలేం. నేను రెండోసారి నిజమైన లోపాన్ని పట్టుకుని, మళ్లీ అసలు కారణం దాకా వెళ్లకుండానే నిలిచాను.

ఫ్యాన్ తిరుగుతోంది, కానీ

క్లచ్ ఆగే ముందు, హై సైడ్ 220 దాటిన తరువాత, ఫ్యాన్ రెండో వేగానికి మారాలి. ఆ మార్పు చెవికి తెలుస్తుంది, గాలి మోత ఒక్కసారిగా పెరుగుతుంది. ఈసారి బానెట్ పక్కన చెవిపెట్టి నిలబడితే ఫ్యాన్‌కు కరెంటు కలిపే స్విచ్ అయిన రిలే టిక్కుమన్న చప్పుడు వినిపించింది, ఫ్యాన్ మోత మాత్రం దాదాపు మారలేదు. ఒక తెల్ల కాగితం తీసుకుని కండెన్సర్‌కు ఆనించాను. ఫ్యాన్ సరిగ్గా పీలుస్తుంటే కాగితం అతుక్కుని నిలుస్తుంది. ఇక్కడ అది ఒక క్షణం ఆగి జారి నేల మీద పడింది. సన్నని థర్మామీటర్ తీగను కండెన్సర్ ముందు వేలాడదీస్తే 56 డిగ్రీలు. బయట 41 ఉంటే కండెన్సర్ పీల్చే గాలి 56 ఉందంటే, ఇంజిన్ వైపు నుంచి వేడి గాలే చుట్టుతిరిగి మళ్లీ ముందుకు వస్తోందన్నమాట.

ఫ్యాన్ మోటారు పాడైందా, దానికి కరెంటు సరిగా అందడం లేదా అన్నది తేల్చుకోవాలి. చాలామంది ఇక్కడ మోటారు మార్చేస్తారు. వరదలో మునిగిన మోటారు కాబట్టి ఆ అనుమానం న్యాయమైనదే. అయినా మార్చే ముందు కొలవడానికి రెండు నిమిషాలు చాలు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు ఉంది. ఫ్యాన్ కనెక్టర్ వెనక సూదులు గుచ్చి మోటారు రెండు తీగల మధ్య చూస్తే 9.4 మాత్రమే. నాలుగున్నర వోల్టులు దారిలో ఎక్కడో పోతున్నాయి. మల్టీమీటర్ ఒక కొసను బ్యాటరీ పాజిటివ్‌కూ, రెండోదాన్ని మోటారు పాజిటివ్‌కూ పెడితే 0.4 వచ్చింది. ఫ్యూజు, రిలే, కనెక్టరు అన్నీ దాటి వచ్చే దారికి అది పెద్ద నష్టం కాదు. తరువాత మోటారు ఎర్త్ తీగ (కరెంటు కారు రేకు ద్వారా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) నుంచి బ్యాటరీ నెగటివ్‌కు పెట్టాను. 4.1 వోల్టులు. దారిలో పోయినదంతా దాదాపు ఇక్కడే పోతోంది.

ఈ కొలత ఫ్యాన్ నడుస్తుండగానే ఎందుకు తీయాలో చెప్పాలి. ఫ్యాన్ ఆపి ఓమ్ మీటర్‌తో ఎర్త్ తీగను చూస్తే అర ఓమ్ చుట్టుపక్కల చూపుతుంది, మీటర్ తీగలకే అందులో కొంత పోతుంది, బాగానే ఉందని వదిలేస్తాం. క్లాంప్ మీటర్‌తో చూస్తే అప్పుడు ఆ తీగలో 7 ఆంపియర్లు ప్రవహిస్తున్నాయి. ఏడు ఆంపియర్లు అంత చిన్న అడ్డంకిని దాటాలన్నా నాలుగు వోల్టులు అక్కడే ఖర్చవుతాయి. లెక్క చూస్తే దాదాపు 29 వాట్ల వేడి, అంటే చిన్న సోల్డరింగ్ ఐరన్ పెట్టినంత వేడి, ఒక్క బోల్టు కింద పుడుతోంది. ఆ వేడికి అతుకు ఇంకా చెడుతుంది, చెడిన కొద్దీ ఇంకా వేడెక్కుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఎలా ఉందో తెలుసుకోవడానికి కారును రాత్రికి షెడ్డులోనే ఉంచి, మర్నాడు ఉదయం ఏడింటికి అదే చోట కొలిచాను. ఎర్త్ వైపు నష్టం 1.3 వోల్టులు మాత్రమే, కాగితం కండెన్సర్‌కు అతుక్కుని నిలిచింది. ఉదయం బాగుండే, సాయంత్రం బాగుండే, మధ్యాహ్నం ట్రాఫిక్‌లో చేతులెత్తేసే ఫ్యాన్ ఇది. యజమాని వచ్చేది సాయంత్రం కాబట్టి నాతో సహా నాలుగు షాపులూ దాన్ని బాగున్న వేళలోనే చూశాం.

ఎర్త్ బోల్టు ఎడమ హెడ్‌లైట్ వెనక, లోపలి రేకు మీద ఉంది. హెడ్‌లైట్ తీస్తే కనిపించింది: బోల్టు చుట్టూ తుప్పు పొరలు, వలయపు టెర్మినల్ మీద పచ్చని చిలుము, తీగ మొదట్లో ప్లాస్టిక్ తొడుగు గోధుమ రంగులోకి మారి గట్టిపడి ఉంది. వేలితో కదిపితే టెర్మినల్ బోల్టు కింద చుట్టూ తిరిగింది. తొడుగు చీల్చి చూస్తే రాగి పోగులు నల్లబడి ఉన్నాయి, ఆరు సెంటీమీటర్ల దాకా కోసుకుంటూ వెళ్తే గానీ మెరిసే రాగి కనిపించలేదు. వరద నీరు తీగ లోపలికి పాకి, నెలల తరబడి అక్కడే తినేసింది. కారును శుభ్రం చేసినవాళ్లు పైకి కనిపించే ప్రతిదాన్నీ తుడిచారు, కానీ హెడ్‌లైట్ వెనక ఉన్న ఈ బోల్టు జోలికి ఎవరూ వెళ్లలేదు.

చెడిన ముక్క తీసేసి, అదే మందం కొత్త తీగ కలిపి, కొత్త టెర్మినల్ బిగించి సోల్డర్ చేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగాను. రేకును మెరిసేదాకా గీకి, కొత్త బోల్టు బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పట్టించాను. జెల్లీ పూయడం బిగించిన తరువాతే చేయాలి, లోహానికీ లోహానికీ మధ్య ఏమీ ఉండకూడదు. ఎర్త్ వైపు నష్టం 0.12 వోల్టులకు దిగింది. మోటారుకు 13.3 అందుతోంది, 11 ఆంపియర్లు తీసుకుంటోంది. మోటారును అరగంట పూర్తి వేగంలో నడిపి, ఆంపియర్లు పెరగడం లేదని, బేరింగ్ మోత లేదని చూసుకున్నాకే అది బాగుందని ఒప్పుకున్నాను.

ఆ మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో నలభై నిమిషాల పరీక్ష పెట్టాను. హై సైడ్ 285 దగ్గర నిలిచింది, క్లచ్ ఒక్కసారి కూడా లేవలేదు, వెంట్‌లో 13 డిగ్రీలు. అక్కడితో కారు ఇచ్చేయవచ్చు. కానీ కండెన్సర్ ముందు వేలాడుతున్న థర్మామీటర్ ఇంకా 50 చూపుతోంది. ఫ్యాన్ బలంగా పీలుస్తున్నా వెనక వేడి ముందుకు వస్తోందంటే దారి ఎక్కడో తెరుచుకుని ఉంది. బంపర్ తీసే ఉంది కాబట్టి వెతకడం తేలికైంది: కండెన్సర్ పక్కల ఉండవలసిన ఫోమ్ పట్టీలు రెండు వైపులా లేవు, కింది ప్లాస్టిక్ గాలితెర ఒక క్లిప్పు మీద వేలాడుతోంది. వరద తరువాత బంపర్ ఊడదీసినప్పుడు తడిసిన ఫోమ్‌ను పారేసి ఉంటారు. చూడటానికి పనికిమాలినవిగా కనిపించే ఈ పట్టీలే ఫ్యాన్ పీల్చే గాలి బయటి నుంచి రావాలా, ఇంజిన్ వైపు నుంచి రావాలా అన్నది నిర్ణయిస్తాయి. కొత్త ఫోమ్ కోసి అతికించి, తెరను బిగించాక థర్మామీటర్ 45కు దిగింది, హై సైడ్ 255, వెంట్‌లో నిలిచి ఉన్నప్పుడు 11, పరుగులో 7 డిగ్రీలు వచ్చాయి.

మా షెడ్డులో మారినవి

ఆ వేసవి నుంచి కూలింగ్ తగ్గిందని వచ్చిన కారును గేజ్‌లు పెట్టే ముందు యజమానిని కూర్చోబెట్టి అడుగుతున్నాం: ఏ వేళలో, నిలిచినప్పుడా నడుస్తున్నప్పుడా, ఎన్ని నిమిషాలకు, కారు ఎప్పుడైనా నీళ్లలో నిలిచిందా, ముందు భాగం ఎప్పుడైనా ఊడదీశారా. ఐదు నిమిషాల మాటలు ఈ కారులో నాకు రెండు రోజుల పనిని తప్పించేవి. మధ్యాహ్నం వచ్చే ఫిర్యాదును మధ్యాహ్నమే చూస్తామని, కారు ఒక పూట వదలాలని చెబుతున్నాం. వేసవి రద్దీలో ఇది యజమానులకూ మాకూ ఇబ్బందే, వేరే దారి మాత్రం నాకు కనిపించలేదు.

ఫ్యాన్ తిరుగుతోందన్న మాటను మా కుర్రవాళ్లు ఇప్పుడు రిపోర్టుగా ఇవ్వరు. మోటారు దగ్గర ఎన్ని వోల్టులు, ఎర్త్ వైపు ఎంత నష్టం అన్న రెండు అంకెలు చెబుతారు. ఎర్త్ వైపు అర వోల్టు దాటితే బోల్టు విప్పి చూడడం నియమంగా పెట్టుకున్నాం. గ్యాస్ ఎక్కించడం ఎప్పుడైనా తూకంతోనే. తూకం లేకుండా పోసిన ఆ 170 గ్రాములు లోపాన్ని రెండింతలు చేయడమే కాక, బాగుచేసిన మొదటి సాయంత్రం నన్ను పక్కదారి పట్టించాయి. వెనక్కి తీసిన గ్యాస్‌ను గాలిలోకి వదలడం మా దగ్గర లేదు. ఆర్-134ఏ ఒక్కో గ్రాము కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా భూమిని వేడెక్కించగలదు. ఎండకు తాళలేక ఏసీ బాగుచేయించుకునే ఊళ్లో ఆ పని చేయడానికి నాకు మనసొప్పదు.

కారు యజమానులకు ఒక్కటి చెప్పగలను. ఏసీ మొండికేసినప్పుడు టైము, ఎండ తీవ్రత, బండి నిలిచి ఉందా కదులుతోందా అన్నవి ఒక కాగితం మీద రాసి మెకానిక్‌కు ఇవ్వండి. గ్యాస్ కొట్టమని అడగకండి, ఎంత గ్యాస్ తీశారు, ఎంత ఎక్కించారని గ్రాముల్లో అడగండి.

ఈ కారు యజమాని ఆ వేసవిలో మళ్లీ ఫిర్యాదు చేయలేదు. కంప్రెసర్ పాతదే. వానలు తగ్గాక అక్టోబరులో వేరే పని మీద ఆటోనగర్ వైపు వచ్చినప్పుడు, అడిగి ఆయన కారును పావుగంట నిలుపుకున్నాను. హెడ్‌లైట్ వెనక బోల్టు మీద జెల్లీ పొర దుమ్ము పట్టి నల్లగా ఉంది, దాన్ని తుడిచి, ఫ్యాన్ పూర్తి వేగంలో పెట్టి ఎర్త్ వైపు కొలిచాను. 0.14 వోల్టులు వచ్చింది. కొత్త జెల్లీ పూసి పంపించాను.